గోడ మీది చొక్కా ముక్క

వెర్లిన్ కోస్టర్ కొన్న వస్తువు ఏదీ చెడ్డది కాదు. మొరాయించినా, విరిగినా, నలుగురి ముందు పరువు తీసినా సరే, అది చెడ్డది మాత్రం కాదు. ఒక వేసవిలో అతని గడ్డికట్టల యంత్రం ముడి వేయడం మానేసి, పొలం పొడవునా విడిగడ్డి కక్కుకుంటూ పోయింది. రోడ్డు పక్కన ట్రక్కు ఆపి తీరిగ్గా చూస్తున్న పొరుగు రైతు డెన్నీతో, "యంత్రానిదేం లేదు, గడ్డి తడిగా ఉంది" అన్నాడు వెర్లిన్. ఆ నెలంతా అయోవా రాష్ట్రం మొత్తంలో చినుకు రాలలేదు. పెళ్ళాం సామాను సర్దుకుని అక్క దగ్గరికి వెళ్ళిపోయినప్పుడు కూడా, "దానికి పందుల వాసన పడదని డాక్టరే చెప్పాడు" అన్నాడు. ఏ డాక్టరూ చెప్పలేదని ఊరందరికీ తెలుసు.

మనిషి మంచివాడే. కోతల కాలంలో ఎవరైనా మంచం పడితే, అడక్కుండానే తన యంత్రం తోలుకెళ్ళి వాళ్ళ మొక్కజొన్న కోసిపెట్టేవాడు. కృతజ్ఞతలు చెప్పబోతే చిరాకుపడేవాడు. తప్పు తనదని ఒప్పుకోవడం ఒక్కటే అతనికి చేతకాని పని. అరవై దాటినా ఆ ఒక్కటీ నేర్చుకోలేదు.

అన్న లీలండ్ ఇందుకు పూర్తిగా భిన్నం. తండ్రి తొందరగా పోవడంతో వెర్లిన్‌కి తుపాకీ పట్టుకోవడం, ట్రాక్టరు తోలడం, టై ముడి వేసుకోవడం అన్నీ నేర్పింది అతనే. లీలండ్ ఏదైనా పొరపాటు చేస్తే "నాదే" అనేవాడు, మళ్ళీ కాఫీ తాగేవాడు. అంత తేలిక మాట తమ్ముడి నోటికి ఎందుకు రాదో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు.

డిసెంబరులో దుప్పుల వేట మొదలయ్యే శనివారం కోస్టర్ల బృందం వెర్లిన్ షెడ్డులో చేరేది. కొందరు చెట్లలోంచి కేకలు వేస్తూ తోలుకొస్తారు, కొందరు అవతలి కంచె దగ్గర కాపు కాస్తారు. దుప్పి ఎదురుగా వచ్చినా కొట్టలేకపోయినవాడి చొక్కా వెనక అంచును ఆ సాయంత్రం అందరి ముందూ కత్తిరించి, పేరు రాసి షెడ్డు గోడకు మేకు కొడతారు. ఆ గోడ మీద వెర్లిన్ ముక్కలు నాలుగైదు ఉండేవి. ఒకదానికి గాలి కారణం, ఒకదానికి ఎండ, ఇంకోదానికి అడ్డొచ్చిన కొమ్మ. లీలండ్ ముక్క ఒక్కటీ ఉండేది కాదు. ఈ ఆచారానికి ఒక్కటే మినహాయింపు. మొరాయించింది తుపాకీ అయితే చొక్కా బతికిపోతుంది, తడబడింది మనిషి అయితే కత్తెర పడాల్సిందే.

ఆ ఏడు ఆగస్టులో వెర్లిన్ కొత్త తుపాకీ కొన్నాడు. పంపు తుపాకీ అంటే, ముందరి పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా పైకెక్కే రకం. మామూలు పంపు తుపాకీలో తూటాలను గొట్టంలోకి ఒక్కొక్కటిగా బొటనవేలితో నెట్టాలి. దీనికి ఆ బాధ లేదు. కింద మ్యాగజైన్ ఉంటుంది, అంటే తూటాలు నింపిన పెట్టె. టక్కున తగిలిస్తే సరి. దాన్ని, పొద్దున్నే రైతులంతా చేరే పెట్రోలు బంకులోని కాఫీ బల్ల దగ్గరికి మోసుకెళ్ళలేడు కాబట్టి ఫోనులో ఫొటో పట్టుకెళ్ళాడు.

"తుపాకీ కింద లంచ్ బాక్స్ ఏంట్రా వెర్లిన్?" అన్నాడు డెన్నీ.

"నువ్వు ఒక్క తూటా నెట్టేలోపు నేను ఐదు కొడతాను. అప్పుడు అడుగు."

"ఐదు కొట్టాల్సి వస్తుందంటే మొదటి నాలుగూ తప్పినట్టేగా!"

బల్లంతా నవ్వింది. వెర్లిన్ మూతి ముడుచుకుని కాఫీ తాగాడు.

సెప్టెంబరులో కంకర గుంట దగ్గర ఒంటరిగా కాల్చి చూసుకున్నప్పుడే సంగతి బయటపడింది. పెట్టెను అప్పటికప్పుడు నింపితే, అదీ ఒక తూటా తక్కువగా నింపితే, తుపాకీ చక్కగా పనిచేసేది. నింపి కొన్ని వారాలు అలాగే ఉంచితే మాత్రం, కింద నుంచి స్ప్రింగు తోసీ తోసీ ప్లాస్టిక్ తూటాలు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేవి. అప్పుడు పంపు ఎంత గట్టిగా లాగి తోసినా తూటా పైకి ఎక్కేది కాదు. తుపాకీ ఖాళీగానే మూసుకునేది, లేదా తూటా అడ్డంగా ఇరుక్కునేది. పెట్టె అంచులు ఆకురాయితో అరగదీశాడు. ఇంకో పెట్టె తెప్పించాడు. అమ్మినవాణ్ణి అడిగితే, "వాడగా వాడగా సర్దుకుంటుంది లెండి" అన్నాడు. అది సర్దుకోలేదు. కాఫీ బల్ల దగ్గర ఎవరైనా అడిగితే మాత్రం "వెన్నలా నడుస్తోంది" అనే చెప్పేవాడు.

ఆ శరత్కాలమే లీలండ్‌కి జబ్బు ముదిరింది. మందుల వల్ల వేళ్ళకి స్పర్శ పోయింది, చొక్కా గుండీలు భార్య ఆర్డిస్ పెట్టేది. వచ్చే డిసెంబరు చూడడని అతనికీ తెలుసు, అందరికీ తెలుసు. వాగు మలుపు దగ్గర తిరిగే వంకర కొమ్ముల దుప్పి ఒకటి ఉంది. రెండేళ్ళుగా అతనికి దూరం నుంచి కనిపించి మరీ తప్పించుకుపోతోంది. దాన్ని కొట్టి పోవాలని లీలండ్ కోరిక. ఇంకేమీ అడగలేదు.

"నాన్న తుపాకీయే తెచ్చుకుంటానురా చిన్నోడా. తూటాలు నెట్టడం కష్టంగానే ఉంది. కానీ ఎలాగోలా ఒక్కటి నెట్టగలను. ఒక్కటి చాలు."

"ఒక్కటేంటి, నాది పట్టుకో. నెట్టే పనే లేదు."

"మొరాయించదుగా?"

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నువ్వు కొన్న సరుకు మీదే లేదు" అని నవ్వాడు లీలండ్. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "సరే, ఇవ్వు" అన్నాడు.

ఆ తుపాకీ ఇవ్వడంలో ప్రేమ లేదని అనలేం. అన్న వేళ్ళ అవస్థ చూడలేకే వెర్లిన్ ఇచ్చాడు. కానీ ఆ తుపాకీతోనే అన్న ఆ దుప్పిని పడగొడితే డెన్నీ ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాడు. ఆ ఊహ అతనికి బాగా నచ్చింది.

శనివారం పొద్దున అందరూ నారింజ రంగు కోట్లు తొడుక్కుని షెడ్డులో నిలబడ్డారు. వెర్లిన్ బీరువా తెరిచి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. అది అక్టోబరులో నింపింది. ఆ సంగతి అతనికి గుర్తుంది. అందులోవి తీసేసి కొత్త తూటాలు నింపడం ఎంతసేపు, కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

"ఏంట్రా, నీ పెళ్ళికూతురి ముస్తాబు ఇంకా కాలేదా?" అన్నాడు డెన్నీ వెనక నుంచి.

వెర్లిన్ పెట్టెను తుపాకీకి టక్కున తగిలించి, "రెడీ" అని అన్న చేతిలో పెట్టాడు.

వాగు మలుపు దగ్గర లీలండ్ పడిపోయిన చెట్టు మొద్దుకి ఆనుకుని నిలబడ్డాడు. వెర్లిన్ కంచె వెంట కొంత ఎగువన, అతను కనిపించేంత దూరంలో ఉన్నాడు. చెట్లలోంచి కేకలు దగ్గరపడ్డాయి. అప్పుడొచ్చింది ఆ దుప్పి, పరుగెత్తి కాదు, నడుచుకుంటూ. మంచులోకి వచ్చి, లీలండ్ ముందర పక్కకు తిరిగి ఆగింది. అంత దగ్గరలో చిన్నపిల్లవాడు కూడా గురి తప్పడు. లీలండ్ తుపాకీ ఎత్తాడు. ట్రిగ్గర్ నొక్కాడు.

చప్పుడు రాలేదు.

లీలండ్ పంపు లాగాడు, తోయబోయాడు, అది సగంలో బిగుసుకుంది. మళ్ళీ లాగాడు. దుప్పి చెవులు తిప్పి అతనివైపు చూసింది. తర్వాత కంచె మీద నుంచి అవలీలగా దూకి అవతలి పొలంలోకి వెళ్ళిపోయింది. మధ్యలో అన్న ఉన్నాడు కాబట్టి వెర్లిన్ కాల్చలేకపోయాడు.

అతను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి లీలండ్ మొద్దు మీద కూర్చుని ఉన్నాడు, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని.

"నాదేరా" అన్నాడు. "చివరిదాకా లాగలేకపోయాను. చెయ్యి సగంలోనే ఆగిపోయింది."

వెర్లిన్ తుపాకీ తీసుకుని అడ్డంగా ఇరుక్కున్న తూటాను వేళ్ళతో పీకాడు. అది నొక్కుకుపోయి ఉంది. అన్న చూడకుండా దాన్ని జేబులో వేసుకున్నాడు. ఏదో ఒకటి అనాలి. అలవాటైన నోరు అలవాటైన మాటే అన్నది.

"చలికి చేతులు అలాగే అవుతాయి లే."

అప్పటిదాకా గాలినీ, ఎండనీ, తడిగడ్డినీ తిట్టుకుంటూ బతికిన మనిషి ఆ రోజు నింద తీసుకెళ్ళి అన్న చేతుల మీద పెట్టాడు. లీలండ్ తన అరచేతులు చూసుకుని తల ఊపాడు.

సాయంత్రం షెడ్డులో ఆర్డిస్ పంపిన చిల్లీ అనే మాంసం పులుసు, దాల్చినచెక్క తీపి రోల్స్ తిన్నారు. లీలండ్ లేచి కోటు విప్పి చొక్కా బయటికి లాగాడు.

"ఆగండి మామా," అన్నాడు అతని అల్లుడు కర్ట్, "తుపాకీ మొరాయించి ఉంటుంది. దానికి కత్తెర లేదు కదా."

"తుపాకీని అనకండిరా, పాపం. నేనే."

అప్పుడు డెన్నీ వెర్లిన్ వైపు తిరిగాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. "వెర్లిన్, నిజం చెప్పు. ఇదివరకు ఎప్పుడైనా ఇలా చేసిందా అది?"

ఔననడానికి డెన్నీ దారి తెరిచి పెట్టాడు. ఔనంటే ఒక శీతాకాలమంతా కాఫీ బల్ల దగ్గర నవ్వుతారు, అంతే. 

"ఎప్పుడూ లేదు" అన్నాడు వెర్లిన్.

షెడ్డు అతనిది కాబట్టి కత్తెర అతనే పట్టాలి. నీలం గళ్ళ చొక్కా. "తిన్నగా కొయ్యిరా, ఆర్డిస్ నన్ను తిడుతుంది" అన్నాడు లీలండ్. అందరూ నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వాడు.

వేటకి ఇంకో శనివారం మిగిలి ఉంది. ఆదివారం, సోమవారం వెర్లిన్ పందులకి మేత వేస్తూ అదే ఆలోచించాడు. మంగళవారం కూడా అంతే. శనివారం నాన్న తుపాకీలో ఒక్క తూటా తనే నెట్టి అన్న చేతికి ఇస్తే చాలు, ఆ దుప్పి మళ్ళీ ఆ మలుపుకే వస్తుంది. బుధవారం చెప్పేద్దామని అన్న ఇంటికి వెళ్ళాడు. లీలండ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"శనివారం నా కోసం రావద్దురా చిన్నోడా. పంపు చివరిదాకా లాగలేని చెయ్యి గురి కూడా నిలపలేదు. ఏదో ఒక జంతువుకి గాయం చేసి వదిలేస్తాను. అది మర్యాద కాదు. నాన్న తుపాకీ కర్ట్‌కి ఇచ్చేశాను."

వెర్లిన్ నోరు తెరిచాడు. ఆర్డిస్ అతని ముందు పళ్ళెంలో రోల్ పెట్టింది. అతను దాన్ని తిన్నాడు. ఇంకోటి పెడితే అదీ తిన్నాడు. తర్వాత వాతావరణం గురించి మాట్లాడి ఇంటికి వచ్చేశాడు.

మార్చిలో, నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే, లీలండ్ పోయాడు. సమాధి తవ్వడానికి యంత్రం తెచ్చింది వెర్లినే. ఊరంతా అతన్ని మెచ్చుకుంది. ఆ మెప్పు వింటుంటే అతనికి ఒళ్ళు కాలిపోయేది. కొత్త తుపాకీని నూనెగుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. ఎవరైనా అడిగితే, జీవితంలో మొదటిసారి, బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.

తర్వాతి శరత్కాలంలో ఆర్డిస్ షెడ్డుకి వచ్చింది. లీలండ్ చొక్కాలన్నీ కలిపి మనవరాలికి బొంత కుడుతోంది.

"ఆ నీలం చొక్కాకి వెనక ముక్క లేదు వెర్లిన్. నీ గోడ మీద ఉంది కదా. అడుగుదామని వచ్చా."

వెర్లిన్ నిచ్చెన వేసుకుని మేకు పీకాడు. దిగి, ముక్క చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వలేకపోయాడు.

"ఆర్డిస్, తప్పు అన్నయ్యది కాదు" అన్నాడు. "తుపాకీది. అది అలా చేస్తుందని నాకు ముందే తెలుసు. పెట్టెలో తూటాలు పాతవని కూడా తెలుసు. ఆ పొద్దునా చెప్పలేదు, ఆ సాయంత్రమూ చెప్పలేదు. బుధవారం చెబుదామనే వచ్చాను. చెప్పలేదు. తప్పు నాదే."

ఆ మాట అనడం అంత కష్టమేమీ కాలేదు. అదే అతనికి అన్నిటికంటే బాధగా తోచింది.

 ఆర్డిస్ తిడుతుందేమోనని చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆ వారం ఆయన ఏం చేశాడో తెలుసా," అంది ఆమె. "వంటింట్లో చీపురు కర్ర పట్టుకుని నిలబడేవాడు. తుపాకీలాగా ఎత్తి, లాగడం, తోయడం. లాగడం, తోయడం. రోజంతా అదే పని. నేను నవ్వేదాన్ని. మంగళవారం నన్ను పిలిచి చూపించాడు కూడా. 'చూడు ఆర్డిస్, ఇక్కడ చివరిదాకా వస్తోంది. మరి అక్కడెందుకు రాలేదు?' అన్నాడు. ఏం చెప్పను? నాకేం తెలుసని? 'చలి కదా' అన్నాను. నువ్వు అలాగే అన్నావని ఆయనే చెప్పాడు."

అది విని లీలండ్ చీపురు మూలన పెట్టి, కర్ట్‌కి ఫోన్ చేసి నాన్న తుపాకీ పట్టుకెళ్ళమన్నాడని చెప్పింది.

ఆమె చెయ్యి చాపింది. వెర్లిన్ చొక్కా ముక్క ఇచ్చాడు. దాని మీద పెద్ద అక్షరాలతో లీలండ్ అని ఉంది, వెర్లిన్ చేతిరాతే. ఆర్డిస్ దాన్ని వేలితో రుద్ది చూసింది.

"ఇది ఉతికితే పోతుందా?" అని అడిగింది.

"పోదు" అన్నాడు వెర్లిన్.