మా ఆఫ్రీన్ ఇంగ్లీషు ఇంటర్వ్యూ

మూడేళ్ళ పిల్లను బడిలో చేర్పించబోయి, ఒక్క పూటలో నా పరువును నేనే దోహా ఎండలో ఆరేసుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మీకు పోయేదేముంది?

మాది మార్కాపురం. దోహాలో ఒక టైల్స్ కంపెనీలో సేల్స్ సూపర్‌వైజర్‌ని. మా ఇంటి వెనక సందులోనే ఒక బడి ఉంది. ఇంగ్లీషు, అరబ్బీ రెండూ చెబుతారు. నడిస్తే అయిదు నిమిషాలు. అంత దగ్గరున్నది మంచిదెలా అవుతుంది చెప్పండి! మా మేనేజర్ కొడుకు చదివే ఇంటర్నేషనల్ స్కూలైతే ముప్పావుగంట దూరం. అక్కడ పిల్లలు ఇసుకలో ఆడేది కూడా ఇంగ్లీషులోనేనట.

"ఏమయ్యా, ఈ పక్క బడికేమొచ్చింది?" అంది నా భార్య షాహీన్.

"రెండు భాషలు పెడితే పిల్ల రెంటికీ చెడ్డ రేవడయిపోతాది."

"మనం పుట్టినకాడి నుంచి ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడలా? నువ్వేమన్నా చెడిపోయినావా?" అని నన్ను ఎగాదిగా చూసి, "సర్లే, ఆ మాట వదిలెయ్" అంది.

నేనా వినేది! ఆ రోజు నుంచే ఇంట్లో తెలుగు, ఉర్దూ బంద్. రెండు నెలలు ఇంగ్లీషే. షాహీన్‌కు ఒళ్ళు మండి అసలు మాట్లాడటమే మానేసింది. అంటే పిల్ల చెవిన పడిన ఇంగ్లీషంతా నాదే. ఆ సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు.

మా ఊళ్ళో పెళ్ళి మాటలకైనా, బడి సీటుకైనా ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని పోవడం ఆనవాయితీ. దోహాలో నాకు పెద్దమనిషెవరు? బతిమాలి, ఆ ఇంటర్నేషనల్ స్కూలు ఇంటర్వ్యూకు మా మేనేజర్‌నే తీసుకెళ్ళాను. ఆయన దర్జాగా నా పక్కన కూర్చున్నాడు.

టీచరమ్మ కిందికి వంగి, "వాట్ ఈజ్ యువర్ నేమ్, డియర్?" అంది.

మా ఆఫ్రీన్ అరచెయ్యి చెవికి ఆనించుకుంది. "సారీ సార్!"

"వేర్ ఈజ్ మమ్మీ?"

"ఆన్ ద వే సార్. ఫుల్ ట్రాఫిక్ సార్." మమ్మీ పక్కనే ఉంది.

టీచరమ్మ బుట్టలోని ఎర్ర బంతి ఇమ్మంది.

"నో స్టాక్ సార్. టుమారో ష్యూర్!"

అవన్నీ నేను రోజూ మా మేనేజర్‌కు ఫోన్లో చెప్పే మాటలండీ! ఆయన గడ్డం గోక్కుంటూ, "ఇవి ఎక్కడో విన్నట్టుందే" అన్నాడు హిందీలో.

"చిన్నపిల్ల సార్, టీవీ చూసి..." అని నేను నసిగాను.

టీచరమ్మకు ముచ్చటేసింది. "ట్రాఫిక్? షో మీ, డార్లింగ్!"

బంగారుతల్లి ఆలస్యం చేస్తుందా? తివాచీ మీద వెల్లకిలా పడుకుని, కాలు మీద కాలేసి, నోరంతా తెరిచి ఆవులించి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఫుల్ ట్రాఫిక్ సార్" అంది.

షాహీన్ రెండు నెలల తర్వాత మొదటిసారి నోరు విప్పింది. పడీపడీ నవ్వడానికి.

సీటు రాలేదు. "ఇంట్లో మీ భాషే మాట్లాడండి, ఇంగ్లీషు మేం నేర్పుతాం, వచ్చే ఏడు రండి" అని టీచరమ్మ సాగనంపింది. పిల్ల ఇప్పుడు సందులోని బడికే హాయిగా నడిచిపోతోంది. మేనేజర్ మాత్రం ఆ రోజు కారెక్కుతూ, "రేపటి నుంచి మామూలు ఫోన్ వద్దు, వీడియో కాల్ చెయ్. ఆ ట్రాఫిక్ నేనూ చూస్తా" అన్నాడు.

అందుకే ఒట్టేసి చెబుతున్నాను. ఇక ప్రాణం పోయినా సరే, పిల్ల ముందు అబద్ధమాడను. చొక్కా తొడుక్కుని, బాల్కనీలోకి పోయి, తలుపేసుకుని ఆడతాను.