చూడి బర్రె, నేను

ఎనభైల్లో, మాచవరంలో మా ఇంట్లో బర్రె, నేను ఒకే కాలంలో కడుపుతో ఉన్నాం. నన్ను చేసుకున్నది మా అమ్మ తమ్ముడే; పెళ్ళయ్యాకా మావయ్యా అనే పిలిచేదాన్ని. అందుకని మా అత్తగారు నాకు సొంత అమ్మమ్మ.

అంతకుముందు ఈతలో ఆ బర్రెకు పుట్టిన దూడకు ముందుకాళ్ళు వంకర, అంగిలి చీలిక. తాగిన పాలు ముక్కులోంచి కారిపోయి, బతకలేదు. మళ్ళీ చూడి నిలిచిందో లేదో చూడమని మావయ్య పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన భుజం దాకా సబ్బు రాసుకొని, లోపల చెయ్యి పెట్టి చూసి, "చూడే" అన్నాడు.

"ఏ దున్నపోతుకి కట్టించారు?"

"మా ఇంటిదేనండి. దీని తల్లికి పుట్టిందే."

"పోయినసారీ అదేనా? ఒకే రక్తమయ్యా! అందుకే దూడ అట్లా పుట్టింది. ఈసారీ పుట్టొచ్చు."

ఆయన చేతుల మీద నీళ్ళు పోస్తున్నదాన్ని, ఆగిపోయాను. మావయ్య నా వైపు చూడలేదు.

"ఏమే, లోపలికి పో," అంది అమ్మమ్మ.

నేను కదల్లేదు. "మనుషులకీ అంతేనా సార్?"

ఆయన నా కడుపు చూశాడు, మావయ్యను చూశాడు. గొంతు తగ్గించాడు. "అందరికీ జరగదమ్మా."

"లోపల ఉండగానే తెలుసుకోవచ్చా?"

"ఉందని తెలుస్తుంది. ఎట్లా ఉందో పుట్టాకే."

ఆ తర్వాత బిడ్డ కదిలినప్పుడల్లా సంతోషం కంటే ముందు భయం వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మావయ్యా, అట్టా పుడితే?"

"పుడితే ఏంది? మనమే పెంచుకుంటాం," అన్నాడు. ఆ పూట అన్నం సగంలోనే లేచిపోయాడు.

నాకు నెలలు నిండుతుండగా బర్రె ఈనింది. అమ్మమ్మ గోనెపట్టా కప్పి దూడను దొడ్డి వెనక్కి తీసుకుపోతుంటే, పట్టా కిందనుంచి వంకర కాలు కనిపించింది. నన్ను చూసి ఆమె పట్టా కిందికి లాగింది.

నరసరావుపేట ఆసుపత్రిలో నాకు కాన్పయింది. "ఆడపిల్ల" అంది నర్సు. "నోరు తెరిచి చూడమ్మా, కాళ్ళు చూడు," అని బతిమాలాను. ఆమె విసుక్కుంటూనే వేలు పెట్టి చూసింది. "అంతా బాగానే ఉంది, ఏంది నీ గోల?"

మావయ్య వెంటనే లోపలికి వచ్చాడు. అమ్మమ్మ రాలేదు. వరండాలో గోడకు ఆనుకొని, నోట్లో కొంగు కుక్కుకొని ఏడుస్తోందట. మా పెళ్ళి పట్టుబట్టి చేసింది ఆమే. అన్ని నెలల్లో ఆ మాట మేమెవ్వరం అనలేదు.