ఫ్యాన్లు ఆపిన వేసవి

విమానాశ్రయం వెనక రోడ్డులో వరుసగా ఉన్న రేకుల గోదాముల్లో ఒకదానిలో సుమలత ప్యాకింగ్ లైన్ లీడర్. బెల్టు మీద వచ్చే మందుల సీసాలను ఆడవాళ్లు అట్టపెట్టెల్లో సర్ది, టేపు వేసి, లారీలకు పంపుతారు. క్యాబ్ నడిపే భర్త యాక్సిడెంటులో నడుం విరిగి మంచం పట్టాక ఇల్లంతా ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది. అందుకే ఆమెను లీడర్‌ని చేసినప్పుడు సంతోషం కన్నా భయమే ఎక్కువ వేసింది.

ఆమె పక్కన నిలబడి అట్టపెట్టెలు మడిచేది లచ్చమ్మ. ఇద్దరిదీ ఒకే ఊరు, రావిర్యాల. చుట్టరికం లేకపోయినా సుమలత ఆమెను అత్తా అనే పిలిచేది. సుమలత భర్త దవాఖానలో ఉన్న రోజుల్లో ఆమె పిల్లలకు వండిపెట్టింది లచ్చమ్మే.

ఎండలు ముదురుతుండగా హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ప్రతి గోదామూ కరెంటు వాడకం తగ్గించాలి. తగ్గకపోతే మేనేజరే జవాబు చెప్పుకోవాలి.

ఆ ఆర్డరు చూసి మెయింటెనెన్స్ ఇంజినీరు ఉదయభాస్కర్ నిజంగానే సంబరపడ్డాడు. కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన. కరెంటు ఎటు పోతోందో అతను అప్పటికే కనిపెట్టాడు. సెలవు రోజు ఒక్క మెషినూ నడవకపోయినా గాలి కంప్రెసర్ మాత్రం ఆగి ఆగి తిరిగేది. పైపుల జాయింట్లలోంచి బుస్సుమని పోయే గాలిని మళ్లీ నింపడమే దాని పని. కోల్డ్ రూముల తలుపుల రబ్బరు అంచులు చిరిగి, చల్లదనం కూడా బయటికే పోతోంది.

"ఒక్క పూట లైన్ ఆపించండి సార్. జాయింట్లు మార్చేస్తాను, తలుపులూ బాగుచేయిస్తాను. మన దుబారా అంతా అక్కడేనండి," అన్నాడు మేనేజరు నవీన్‌కుమార్‌తో.

"లైన్ ఆపుడు నా చేతిల లేదు భాస్కర్. లారీలు లేటైతే నా ఉద్యోగం పోతది. ఇయ్యాళ్నే తగ్గేదేందో చెప్పు."

ఆ రోజే ఆపగలిగినవి ఫ్యాన్లు. నవీన్‌కుమార్ ప్యాకింగ్ హాల్లోని పెద్ద ఫ్యాన్లన్నీ ఆపించి, స్విచ్ బోర్డు పెట్టెకు తాళం వేయించి, తాళంచెవి సుమలత చేతిలో పెట్టాడు.

"అన్నం టైముల తప్ప తెరవొద్దు. తెరిస్తే నువ్వే జవాబు చెప్పాలె."

రేకుల కింద గాలి కదిలేది కాదు. ఆడవాళ్లు కొంగులు తడిపి మెడకు చుట్టుకునేవాళ్లు. అవి బెల్టు దగ్గరే ఎండిపోయేవి.

"అక్కా, జరసేపు ఫ్యాన్లు ఎయ్యి. పానం తట్టుకుంటలేదు."

"నాతోని కాదే. నన్ను తీసేస్తరు."

అలా అనీ అనీ సుమలత వాళ్ల ముఖాల వంక చూడడం మానేసింది. ధైర్యం తెచ్చుకుని మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"ఆడోళ్లు పడిపోతరు సార్. రెండు ఫ్యాన్లన్న ఎయ్యనియ్యండ్రి."

"పైనోళ్లు నా మీద కూసున్నరు సుమలతా. వానలు పడేదాంక ఓర్చుకోండ్రి," అన్నాడు అతను. అతనికీ రాత్రులు నిద్ర ఉన్నట్టు లేదు.

ఒక మధ్యాహ్నం లచ్చమ్మ మడిచిన పెట్టెనే విప్పి మళ్లీ మడవడం సుమలత చూసింది. ముఖం ఎర్రగా కమిలిపోయింది. చెమట చుక్క లేదు.

"అత్తా, నీళ్లు తాగుతవా?"

"ఆగు బిడ్డా, బర్లను తోలుకొస్త," అంది లచ్చమ్మ. ఆమె బర్రెలు అమ్మేసి ఏళ్లయింది. సుమలత చెయ్యి పట్టుకునేలోపే లచ్చమ్మ బెల్టు పక్కన కూలిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

సుమలత పరుగెత్తి స్విచ్ బోర్డు పెట్టె తెరిచింది. స్విచ్చులన్నీ వేసింది. ఉదయభాస్కర్ పరుగున వచ్చి కోల్డ్ రూము తలుపు బార్లా తెరిచాడు. అందరూ కలిసి లచ్చమ్మను అక్కడికి మోసి, ఒంటినిండా నీళ్లు పోశారు. "అత్తా, కండ్లు తెరువు. ఒక్కసారి తెరువు," అని సుమలత ఆమె చెంపలు తడుతూనే ఉంది. అంబులెన్సు వచ్చినా లచ్చమ్మ కళ్లు తెరవలేదు.

బండి గేటు దాటాక నవీన్‌కుమార్ వచ్చి చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య."

"సుమలతా, జర సోంచాయించు. ఉద్యోగం పోతే నీ ఇల్లెట్ల గడుస్తది?"

"ఇన్నొద్దులు సోంచాయించే మా అత్తను గిట్ల చేసుకున్న. ఇయ్య."

"అయితే రేపటి సంది రాకు."

ఆమె బయటికి నడిచింది. బెల్టు దగ్గరి ఆడవాళ్లంతా చేతుల్లోని టేపు కింద పెట్టి ఆమె వెనకే వచ్చి గేటు ముందు కూర్చున్నారు. లైన్ ఆగిపోయింది.

లోపల ఖాళీ హాల్లో ఉదయభాస్కర్ ఎవరినీ అడగలేదు. పానా తీసుకుని జాయింట్లు ఒక్కొక్కటిగా విప్పి మార్చాడు. సాయంత్రానికి కంప్రెసర్ నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దం కోసం అతను ఎన్నాళ్లుగానో బతిమాలాడు. ఇప్పుడు అది వినలేక బయటికి వచ్చేశాడు.

ఫ్యాన్లు ఆపబోమని ఒప్పుకున్నాకే ఆడవాళ్లు మళ్లీ లోపలికి వెళ్లారు. తర్వాత తలుపులూ బాగుచేశారు. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా కరెంటు వాడకం మునుపటికన్నా తగ్గింది. హెడ్డాఫీసు మెచ్చుకుంటూ పంపిన ఫలకాన్ని నవీన్‌కుమార్ గోడకు తగిలించలేదు.

ఉదయభాస్కర్ ఒకరోజు సుమలత ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మిమ్మల్ని మళ్లీ తీసుకోమని అడిగానమ్మా. ఒప్పుకోవడం లేదు."

"గాలి పైపులు మొదాలే మంచిగ చేసుంటే మా అత్తకు గిట్లయ్యేదా సార్?"

అతను వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

లచ్చమ్మ బతికింది. కానీ మాట పడిపోయింది, చేతులు పట్టు తప్పాయి. కోడలు పనికి పోతుంది కాబట్టి పొద్దున సుమలతే వెళ్లి గంజి తాగిస్తుంది. లచ్చమ్మ రెండు గుక్కలు మింగి, మూడోది వద్దన్నట్టు ముఖం తిప్పుకుంటుంది. సుమలత కాసేపు బతిమాలి, మూతి తుడిచి, రోడ్డు మీదికి వస్తుంది. లైన్ ఆపించిన మనిషని చుట్టుపక్కల గోదాముల్లో ఎవరూ పని ఇవ్వడం లేదు. హోటళ్లలో గిన్నెలు తోమే పని ఏమైనా దొరుకుతుందేమోనని ఎండలో శంషాబాద్ వైపు నడుస్తుంది.