బంద్ నాడు లేచిన విండోస్

మొన్న బంద్ నాడు కోరుట్ల నడి రోడ్డు మీద నా పరువు ఎట్ల పోయిందో వినండి. అదీ నా సొంత స్పీకర్ బాక్సులల్లకెళ్లి!

నాది జిరాక్సు షాపు. చదువు పదో తరగతితోనే ఆగింది గానీ, కంప్యూటర్ విషయంల ఎవరితోని మాట పడను. విండోస్ 98 నుంచి ఎక్స్‌పీకి నేనే మార్చిన. ప్రింటర్ అలిగి కూసుంటే బతిమిలాడలే, దారికి తెచ్చిన. ఎక్స్‌పీ నుంచి విస్టాకు మార్చిననాడు మాత్రం కంప్యూటర్ పొద్దుందాక లేవలే, దుబాయ్ పోయేటోళ్లు జిరాక్సుల కోసం పాస్‌పోర్టులు పట్టుకొని లైన్ల నిలవడ్డరు. నేను స్క్రీన్ దిక్కు, వాళ్లు నా దిక్కు! అప్పుడే నియమం పెట్టుకున్న: గిరాకీ ఉన్ననాడు విండోస్ జోలికి పోవద్దు.

ఇగ బంద్ అంటే నాకు ఉపాసం లెక్క. తెలంగాణ రావాలంటే నిష్ఠ ఉండాలె. పొద్దున్నే బజార్ తిరిగి చూసిన. నా షాపు ఎదురుంగ చాయ్ హోటల్ రాజలింగం సగం షట్టర్ ఎత్తి పొయ్యి ముట్టిచ్చిండు.

"ఏంది తమ్మీ ఇది? బంద్ అంటే బంద్! ఆర్పెయ్!"

"సత్తెన్నా, నాలుగు చాయ్‌లే. పాలు ఇరిగిపోతయ్."

"ఇరగనీ! ఒక్కరోజు పని ముట్టకపోతే ఏమైతది?"

పాపం, ఆర్పేసిండు.

నేను పోయి నా షాపు ఎనుక తలుపు తీసిన. గిరాకీ లేదు, కరెంటు ఉన్నది. జగిత్యాల నుంచి తెచ్చిన విండోస్ సెవెన్ డీవీడీ పెట్టిన. ఇది వ్యాపారం గాదు, ఇల్లు ఊడ్సుకున్నట్టే అని మనసుకు చెప్పిన. మనసు ఒప్పుకుంది. నా మాట అది ఎన్నడూ కాదనదు.

ఇంతల బంద్ కమిటీ పిలగాండ్లు అచ్చిండ్రు. వంటావార్పు మా షాపు ముందటి రోడ్డు మీదనే!

"సత్తెన్నా, మైకుసెట్టాయన రాలే. నీ బాక్సులు ఇయ్యరాదే!"

షాపుల పాటలు పెట్టే ఆంప్లిఫయర్‌కు మైకు తగిలిచ్చిన. షట్టర్ కిందికెళ్లి వైర్లు గుంజి బాక్సులు రోడ్డు మీద పెట్టిన. కంప్యూటర్ వైరు గూడ అదే ఆంప్లిఫయర్‌కు ఉన్నదన్న సంగతి నా బుర్రకు తట్టలే.

నా భార్య సుగుణను కంప్యూటర్ ముందట కూసోబెట్టిన. "ఏదన్నా అడిగితే ఎంటర్ కొట్టు. చప్పుడు చెయ్యకు."

"మరి గిది పని గాదా?"

"నీకు తెల్వది. ఊకో."

రోడ్డు మీద పప్పు ఉడుకుతుంది. నా చేతికి మైకిచ్చిండ్రు. నేను ఊకుంటనా!

"అన్నలారా, అక్కలారా! బంద్ అంటే నిష్ఠ! ముందట షట్టర్ దించి, ఎనుక పనిచేసుకునేటోడు..."

ఆ మాట నోట్లకు ఎట్ల అచ్చిందో నాకే తెల్వదు. పూర్తి గూడ చెయ్యలే. రెండు బాక్సులు ఒక్కసారే మోగినయ్! విండోస్ లేచే సంగీతం, ఫుల్ సౌండుల!

పప్పు కలిపేటోళ్లు గరిటె ఆపిండ్రు. "గిదేం పాటరా?" అన్నరెవరో. సందుల నుంచి సుగుణ ఉరికచ్చింది.

"ఏమయ్యా! కొత్త విండోస్ ఎక్కింది!"

అందరు నా షట్టర్ దిక్కు చూసిండ్రు. తర్వాత నా దిక్కు. రాజలింగం మెల్లగ నడిచచ్చి, మస్తు మర్యాదగ అడిగిండు.

"సత్తెన్నా, పాలు ఇంక ఇరగలే. పొయ్యి ముట్టియ్యాల్నా?"

"ముట్టియ్యి తమ్మీ," అన్న చిన్నగ.

చిన్నగనే అన్న. గానీ మైకు ఇంక నా చేతులనే ఉన్నది! బజారంతా ఇన్నది. ఒకటే నవ్వుడు! వంటావార్పుకు చాయ్ గూడ తోడైంది. గిలాసలు కడిగింది నేనే, ఎవ్వరు చెప్పకముందే.

పొద్దుగూకకముందే సిరిసిల్ల నుంచి మా బామ్మర్ది ఫోన్. "బావా, మీ కంప్యూటర్ మైకుల ఉపన్యాసం ఇచ్చిందట గదా!"

సెవెన్ మాత్రం ఏ కిరికిరి లేకుంట ఎక్కింది. ప్రింటర్ గూడ అలగలే. నేను దాంట్ల చేసిన మొదటి మార్పు ఒక్కటే: లేవంగనే నోరు తెరవకుంట చేసిన.

ఆ సెట్టింగ్ ముందుగాల నాకు పెట్టాల్సింది.