మా అత్త థెరమిన్ కొన్న సంగతి

మొన్న బెళ్ళందూరు దగ్గర ట్రాఫిక్‌లో ఆటో కదలక కూర్చుని ఉండగా, నాతోపాటు బ్యాంకులో పనిచేసి రిటైరైన స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి థెరమిన్ అనే వాద్యం నేర్చుకుంటానని పట్టుబట్టిందట. "నువ్వు ఒకసారి ఎవరికో కొనిపించావు కదా, ఏది మంచిదో చెప్పు" అంది. నేను కొనిపించలేదు. కొన్నది మా మేనత్త, నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డాను, అంతే. ఆ ముక్క చెప్పబోయి, ఎలాగూ ఆటో కదిలేట్టు లేదు కనుక సంగతంతా చెప్పాను. చెప్పాక, మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలనిపించింది.

మా అత్త వర్తూరులో ఉండేది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఆమె ఇల్లు మాత్రం పాత రోడ్డు మీద అలాగే ఉండిపోయింది. ఇల్లు ఆమెదే. మా చిన్నాన్న, అంటే ఆమె తమ్ముడు, భార్య పోయాక అక్కడికొచ్చి చేరి, సామాను విప్పకముందే ఇంటి యజమాని అయిపోయాడు. ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో, కూరలో కారం ఎంత ఉండాలో ఆయనే చెప్పేవాడు. అత్త అన్నిటికీ తలూపి, తనకు తోచిందే చేసేది. ముందుగదిలో పిల్లలకు వయొలిన్ నేర్పేది. ఆ గదిలోకి అడుగుపెడితే కమానుకు పూసే రోజిన్ వాసన, వంటింట్లోంచి వచ్చే డికాక్షన్ వాసన కలిసి తగిలేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఫిల్టర్ కాఫీ వాసన వస్తే నాకు అపస్వరాలు వినిపిస్తాయి, ఆ పిల్లలు అలా వాయించేవారు మరి.

అలాంటి మనిషికి కీళ్ళవాతం వచ్చింది. ఎడమచేతి వేళ్ళు కణుపుల దగ్గర వాచి, వంగి, తంతిని నొక్కడానికి లేకుండా పోయాయి. కుడిచేతి వేళ్ళూ బిగుసుకోసాగాయి. మందులతో నొప్పి తగ్గింది కానీ వేళ్ళు మాట వినలేదు. డాక్టరు వయొలిన్ పక్కన పెట్టమన్నాడు. బంధువులు పళ్ళు పట్టుకుని పరామర్శకు వచ్చారు. ఇంక రామా కృష్ణా అనుకుంటూ హాయిగా ఉండమని ఒకావిడ అంటే, అత్త ఆమె మొహంలోకి చూసి, "ఇన్ని దినాలూ రామున్నే వాయిస్తా ఉంటి గదమ్మా, ఇప్పుడు కొత్తగా అనుకునేదేముంది?" అంది. ఆవిడ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

పాత శిష్యురాలొకతె ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఒక పెట్టె, దానికి నిటారుగా ఒక లోహపు కడ్డీ, పక్కన ఒంపు తిరిగిన ఇంకో కడ్డీ. వాయించే ఆవిడ దేన్నీ తాకడం లేదు. కుడిచేయి నిలువు కడ్డీకి దగ్గరగా తెస్తే స్వరం పైకి వెళుతోంది, దూరం జరిపితే దిగుతోంది. ఎడమచేయి ఒంపు కడ్డీ మీదికి దించితే శబ్దం తగ్గుతోంది, ఎత్తితే పెరుగుతోంది. అత్త ఆ వీడియోను కళ్ళజోడు మార్చి మార్చి చూసింది. తరువాత నన్ను పిలిచి, "అమ్మీ, దీంట్లో తంతి నొక్కే పని లేదు. నాకిది కావల్ల" అంది.

చిన్నాన్న పేపరు మడిచాడు. "దయ్యాల సినిమాలో వచ్చే సౌండక్కా అది. ఈ వయసులో నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ అప్పా. వచ్చిపోయేటోళ్ళంతా ఏడుస్తా ఉండారు, దానికంటే మేలే గదా."

ఊరి నడుమ ఒక వాద్యాల కొట్టులో మూడు రకాలున్నాయని తెలిసి వెళ్ళాం. అత్తను ఒక్కదాన్నే వదలకూడదని చిన్నాన్న కూడా బయల్దేరాడు. మొదటిది చేతిసంచీలో పట్టేంత చిన్నది, నిలువు కడ్డీ ఒక్కటే ఉంది. అత్త చెయ్యి చాపితే మొదలైన కూత ఎక్కడా ఆగలేదు, శబ్దం తగ్గించే కడ్డీ దానికి లేదు మరి. "ఇది ఊపిరి తీసుకోదే!" అని అత్త వెంటనే పక్కకు జరిగింది. రెండోది నున్నగా మెరుస్తూ ఉంది, రకరకాల గొంతులు అందులోనే ఉన్నాయి. సేల్స్‌మన్ ఉత్సాహంగా, "ఆంటీ, బిగినర్స్‌కి ఇదే బెస్ట్. ఇందులో పిచ్ కరెక్షన్ ఉండాది, మీరు తప్పు పెట్టినా అదే సరైన నోట్‌కి తెచ్చేస్తాది" అన్నాడు.

అత్త స్టూలు లాక్కుని కూర్చుని కాంభోజి రాగం ఎత్తుకుంది. ఆమె చేయి గాలిలో మెల్లగా ఊగుతోంది, లోపలి యంత్రం మాత్రం ఆ ఊపును ముక్కలు ముక్కలుగా కోసి మెట్ల మీద పేర్చినట్టు వినిపిస్తోంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి మొత్తం మాయమైపోయింది. కాంభోజిలా లేదు, సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌లా ఉంది. ఆ సవరణను పూర్తిగా ఆపించి మళ్ళీ వాయించింది. జారుడు వచ్చింది కానీ గొంతు పలచగా, ప్లాస్టిక్ డబ్బాలోంచి వచ్చినట్టుంది.

"కరెక్షన్ ఆపేస్తే మీకు తప్పులొస్తాయి ఆంటీ" అన్నాడతను నొచ్చుకుని.

"రానీప్పా. నా తప్పు నేను దిద్దుకుంటా. అదే దిద్దుకునేటట్లైతే ఇంక నేనెందుకు కూచోవల్ల ఇక్కడ?"

మూడోది చెక్కపెట్టె. బొమ్మలు లేవు, వెలుగులు లేవు, కొన్ని మీటలు మాత్రం ఉన్నాయి. కింది స్థాయిలో దాని గొంతు నిద్రలేచిన మగమనిషి గొంతులా బొంగురుగా, వెచ్చగా ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడినా కీచుగా లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది: కడ్డీ దగ్గర స్వరాలు ఇరుకుగా ఉండి, వేళ్ళు కొద్దికొద్దిగా విప్పితేనే పలుకుతున్నాయి. అత్త వేళ్ళు విప్పబోయి పళ్ళు బిగించింది. చిన్నాన్న ఇదే అదనుగా, "సాకు అక్కా, చాలింక, లే, పోదాం" అన్నాడు. ఆమె లేవలేదు. ఆ మీట తిప్పు, ఈ మీట తిప్పు అని సేల్స్‌మన్‌తో తిప్పించి, స్టూలు వెనక్కి జరుపుకుని, స్వరాల మధ్య ఎడం పెంచుకుంది. అప్పుడు వేళ్ళ పని మణికట్టుకూ మోచేతికీ అప్పగించింది. షడ్జం నుంచి పంచమం దాకా చేయి సాగింది. ఎప్పుడూ వయొలిన్ మీద విన్న ఆ వంపు, కాస్త వణుకుతూ, గాలిలోంచి వచ్చింది. పక్కన గిటార్లు చూస్తున్నవాళ్ళు తిరిగి చూశారు. "ఇదే" అంది అత్త. బిల్లు ఎవరి పేరు మీద అని అడిగితే, చిన్నాన్న నోరు తెరవకముందే తన పేరు చెప్పింది.

ఇంటికి తెచ్చాక అసలు తగువు మొదలైంది. దగ్గరగా ఎవరు నడిచినా ఆ పెట్టె శ్రుతి మారిపోతుంది. ఇనప బీరువా పక్క గదిలోకి పోయింది. చిన్నాన్న కాఫీ గ్లాసుతో అటూ ఇటూ తిరిగితే మధ్యమం మూలిగేది. "దూరం పోప్పా!" అని అత్త కసిరేది. జీవితమంతా ఎవరో ఒకరు నెత్తిన నిలబడి సలహా చెబుతుంటే విన్న మనిషి, అందరినీ ఆమడ దూరంలో ఉంచే వాద్యం దొరికినందుకు ఎంత సంబరపడిందో నేను చూశాను.

శ్రీరామనవమి పందిట్లో ఏటా ఆమె కచేరీ ఉండేది. ఆ ఏడు కమిటీ పెద్దమనిషి ఇంటికొచ్చి, "మీరు ముందు వరసలో కూచోండమ్మా, శాలువా కప్పి సన్మానం చేస్తాం" అన్నాడు. అంటే వాయించొద్దని.

"శాలువా మీ దగ్గరే పెట్టుకోండప్పా, నాకు చలి లేదు. నా టైమ్ నాకిస్తే చాలు."

ఇచ్చారు. కానీ మొదటి కీర్తనలోనే శ్రుతి చెదిరింది. పందిట్లో జనం, మైకుల ఇనప స్తంభాలు, ఇంటి గదిలో కుదిరింది అక్కడ కుదరలేదు. పైషడ్జం కుక్కపిల్ల ఏడ్చినట్టు జారింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్త చేతులు దించి, మైకు దగ్గరికి వంగి, "శ్రుతి తప్పింది. మళ్ళీ ఎత్తుకుంటా" అంది. క్షమించమనలేదు. ఒక స్తంభాన్ని జరిపించింది, మీట తిప్పుకుంది, మృదంగం ఆయన వైపు చూసి తల ఊపింది. ఈసారి కూడా అంతా నున్నగా సాగలేదు. కానీ రెండో పాట కాంభోజి ఎత్తుకున్నాక, నవ్విన చోటు నుంచి చప్పుడు రాలేదు. ఆమె చేయి దేన్నీ తాకకుండా కదులుతుంటే పందిరంతా ఆ చేతినే చూసింది.

ఇంటికి వస్తుంటే చిన్నాన్న, "రెండో పాట బాగుండాదిలే" అన్నాడు.

"మొదటిదీ బాగవుతాది. నేర్చుకునేదానికి టైమ్ ఉండాది నాకు" అంది అత్త.

డెబ్బై దాటిన మనిషి ఆ మాట అనడం నాకప్పుడు నవ్వు తెప్పించింది. ఇప్పుడు నేనూ ఆ వయసు వైపే నడుస్తున్నాను. ఇంక చాలించమని చెప్పేవాళ్ళు నా చుట్టూ కూడా చేరారు. కాలం అయిపోయిందని మనకు చెప్పేది ఎప్పుడూ పక్కవాళ్ళే, కాలం తనంతట తాను వచ్చి ఆ మాట ఎవరితోనూ అన్నట్టు నేను వినలేదు.