పున్నమ్మ ఇంటి ముగింపు ప్రార్థన

సంఘపెద్ద యలమందయ్య మాటకు ఎదురు చెప్పి నెగ్గిన మనిషిని దీనమ్మ తన బతుకులో ఒక్కరినే చూసింది. ఎదురింటి పున్నమ్మను.

ఆ శుక్రవారం ప్రార్థన కూడిక పున్నమ్మ ఇంట్లో. పాటలయ్యాయి, వాక్యమయింది. ఎవరింట్లో కూడిక జరిగితే ఆ ఇంటి యజమానే ముగింపు ప్రార్థన చేయడం పేటలో వాడుక. పున్నమ్మ పెనిమిటి జయపాల్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అందుకని యలమందయ్యే కళ్లు మూసుకుని "కృపగల దేవా" అని అందుకున్నాడు.

"ఆగన్నా. ఇంటాయన ఉన్నాడుగా," అంది పున్నమ్మ.

"ఆయనకి మాట రాదు గదమ్మా."

"వచ్చేదాకా కూర్చుందాం."

"ఎప్పటికొస్తుందని? పొద్దున్నే జనం కోతలకి పోవాలి."

"మిరపచేలో పూత చూసి, కాయలేవని మొక్కలు పీకేశావా అన్నా? మొక్కకిచ్చిన గడువు మనిషికియ్యవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. యలమందయ్య కళ్లు తెరిచి, బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. జయపాల్ పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. అందరూ తలలు వంచుకుని అలాగే కూర్చున్నారు. చివరికి అతను తల దించాడు. పున్నమ్మ "ఆమేన్" అంది. పొయ్యి మీద టీ అప్పటికే కషాయమైంది.

దీనమ్మకు అది వట్టి మొండితనంగానే తోచింది. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసొచ్చి కూడా జయపాల్ పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినబడేది. ఇప్పుడతనికి ముద్దలు కలిపి పెట్టాలి.

"నల్లపాడులో స్వస్థత కూటాలంట, తీసుకుపోరాదటే," అంది ఒకనాడు.

"తీసుకుపోయా. అక్కడా ఈ దేవుడే అక్కా. ఆయన తొందరపడట్లేదు. నేను పడితే ముందొస్తుందా?"

"నీకసలు ఏడుపు రాదా?"

"రాకేం. కోతల రోజులు, చేతులకి కారం. తుడుచుకుంటే కళ్లు మండుతాయని కారనిస్తా."

మరుసటి ఏటి కోతలకు, మళ్లీ వాళ్లింట్లో కూడిక పడినప్పుడు, జయపాల్ గొంతులోంచి "తండ్రీ" అన్న మాట పూర్తిగా వచ్చింది. యలమందయ్య ఆనందం పట్టలేక, మిగతా ప్రార్థనంతా గబగబా తానే అందించేశాడు. మంచి మనసుతోనే. జయపాల్ నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత చాలా వారాలు తెరవలేదు. పున్నమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. దీనమ్మ మాత్రం యలమందయ్య ఎదురైనప్పుడల్లా గుడ్లురిమి చూసింది.

"తండ్రీ" అన్న ఆ మాట అతనికి మళ్లీ ఈ మధ్యనే వచ్చింది. అంతలో కనిగిరిలో ఉండే పున్నమ్మ కూతురికి రెండో కాన్పు. సంచీ పట్టుకుని పున్నమ్మ దీనమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నేనొచ్చేదాకా ఆయనకి అన్నం నువ్వే పెట్టక్కా."

"పెడతాలే. అది చెప్పాలా ఏంటి?"

"ఈ శుక్రవారం కూడిక మా ఇంట్లోనే పడింది. ఆయన పక్కన కూర్చో."

"కూర్చుని?"

"తండ్రీ అని ఆగుతాడు. తర్వాతి మాట కోసం వెతుక్కుంటాడు. నువ్వు అందించబాక. ఎవర్నీ అందించనియ్యబాక."

"నన్ను నోరు మూసుకోమనటానికా ఇంత పొద్దున్నే తలుపు కొట్టావు?"

"నీ చూపుకి జడిసి ఇంకెవరూ నోరెత్తరని. ఆయన చెయ్యి మాత్రం పట్టుకునుండు అక్కా. మాట దొరికేదాకా."