ఆ పొట్టివాణ్ణి నేనే వద్దన్నాను

ఈ రోజు మధ్యాహ్నం మేముండే ఇర్వింగ్ ఊళ్ళో మా పక్క అపార్ట్‌మెంట్ ఆస్ట్రేలియన్ డగ్ వీడియో కేసెట్ పట్టుకొచ్చాడు. అందులో చేతుల్తోనూ బంతి పట్టే వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళున్నారు. వచ్చే వారం డ్రాఫ్ట్‌లో క్లబ్బులు వాళ్ళలోంచి కొందరిని ఎంచుకుంటాయి. ఒకడు డగ్ మేనల్లుడట, ఎవడో మాత్రం చెప్పలేదు.

"నాకు ప్రేమ అడ్డొస్తోంది బ్రదర్. ఎవడు పనికొస్తాడో మీరు చూసి చెప్పండి."

ఆ ఆటలో ఓనమాలు రాకపోయినా న్యాయాధిపతిలా కూర్చున్నాను. అందరికంటే పొడుగువాడు గాల్లోకెగిరి బంతి అందుకోగానే "అభిషేకించదగినవాడు వీడే!" అని కేకవేశాను. పడుతూ లేస్తూ బంతి వెంట పరుగెత్తుతున్న పొట్టివాణ్ణి చూపించి "వీణ్ణి ఇంటికి పంపించెయ్" అని తీర్పిచ్చాను.

డగ్ ముఖం వాడిపోయింది. మేనల్లుడు ఎవడో అప్పుడర్థమైంది.

టీ తెచ్చిన మా ఆవిడ ఊరుకుందా? "ఏవండీ, దేవుడు పొడుగాటి అన్నల్ని కాదని దావీదును ఎన్నుకున్నాడని మొన్న ఆదివారం చర్చిలో మైకు పగిలేలా అరిచింది మీరేనా?"

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే డగ్ పకపకా నవ్వాడు. "సిస్టర్, ఆ మాట మా దేశంలో క్లబ్బులకి ఫోన్‌లో చెప్తారా?"

వచ్చే ఆదివారం ప్రసంగం ఆవిడకే అప్పగిద్దామనుకుంటున్నాను. సంఘమా, ఏమంటారు? మరీ అంత గట్టిగా ఆమేన్ అనకండి.